గ్రిప్ మీద గీత: పెద్ద క్రూజర్ల థ్రాటిల్ గురించి

(విజయవాడలో రైడర్ల కలయికలో ఒక మెకానిక్ మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని రాసుకున్నది)

వెనకాల వాళ్ళకి వినపడుతుందా? సరే. నాకు స్పానర్ అలవాటు గానీ మైక్ అలవాటు లేదు, గొంతు తగ్గితే చెయ్యెత్తండి.

ముందు ఒకటి చూపిస్తా. ఈ బండి కుడి గ్రిప్‌కి తెల్ల టేపు చుట్టాను, దాని మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత, దానికి ఎదురుగా స్విచ్ల డబ్బా మీద ఇంకో గీత. రెండూ ఎదురెదురుగా ఉంటే థ్రాటిల్, అదే యాక్సిలరేటర్, మూసి ఉన్నట్టు. మొత్తం తిప్పేస్తే గీత ఇదిగో ఇక్కడిదాకా వస్తది, పావు చుట్టు కంటే కాస్త తక్కువే. మొన్న ఆదివారం మా షెడ్డు కుర్రాడు హ్యాండిల్‌కి ఫోన్ బిగించి కెమెరా ఈ గీత వైపు తిప్పి పెట్టాడు, నేను ఆటోనగర్ నుంచి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళొచ్చా, మామూలుగా ఎలా తోలతానో అలాగే తోలా. వచ్చి టీ తాగుతూ వీడియో చూస్తే నవ్వొచ్చింది. దారి మొత్తం ఆ గీత కదిలింది చిటికెన వేలి గోరంత వెడల్పు. లారీని దాటేటప్పుడు రెండు గోళ్ళు. గన్నవరం దాటాక రోడ్డు ఖాళీగా ఉందని ఒక్కసారి సగం దాటించా, అది కూడా మూడు సెకన్లే.

మనోళ్ళు లక్షలు తగలేసేది ఆ గీత వెళ్ళని మిగతా దూరం కోసం. ఇవాళ నేను మాట్లాడేది మాత్రం పెద్ద క్రూజర్లలో, అంటే కాళ్ళు ముందుకి చాపి తోలే బరువు బండ్లలో, ఆ గోరంత గురించే.

నా గురించి రెండు ముక్కలు చెప్తా, మళ్ళీ ఇతనెవరు మాకు చెప్పటానికి అనుకుంటారు. నేను ఆటోనగర్లో లారీల డీజిల్ పంపుల దగ్గర పని నేర్చుకున్నా, తర్వాత బుల్లెట్లు, 2010లో హార్లే-డేవిడ్సన్ బండ్లు మన దేశంలో షోరూముల్లోకి వచ్చాక మెల్లగా వాటి మీద పడ్డా. 2020లో కంపెనీ సొంతంగా నడిపే వ్యాపారం ఆపేసి హీరో వాళ్ళతో ఒప్పందం చేసుకుంది కదా, ఆ మధ్యలో చాలామంది బండి ఎక్కడ చూపించాలో తెలీక నా దగ్గరికొచ్చారు. అలా చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్న విద్య ఇది. అక్షరాలా కాల్చుకున్నానండి, ఈ మచ్చ బెండు పైపుదే, ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే పైపు.

ఇక అసలు సంగతి. పికప్ వేరు, థ్రాటిల్ రెస్పాన్స్ వేరు. పికప్ అంటే బండి ఎంత గట్టిగా లాగుద్ది అని. రెస్పాన్స్ అంటే నేను చెయ్యి ఇంత తిప్పితే ఎంత లాగుద్దో, ఎప్పుడు లాగుద్దో నాకు ముందే తెలియటం. నిన్న ఎంత ఇచ్చిందో ఇవాళా అంతే ఇవ్వాలి, ఎండలోనూ అంతే, ట్రాఫిక్‌లోనూ అంతే. మా దగ్గరికొచ్చే వాళ్ళలో పదిమందికి తొమ్మిది మంది "అన్నా పికప్ లేదు" అంటారు, కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగితే బండికి లాగే బలం బాగానే ఉంటది, లాగే తీరే బాగోదు.

పెద్ద వి-ట్విన్‌లో, అంటే రెండు సిలిండర్లు V అక్షరంలా ఉండే ఇంజన్‌లో, ఇది ఎందుకు కష్టమో చూడండి. హార్లే మిల్వాకీ-ఎయిట్ 107 ఇంజన్ తీసుకుందాం, 1746 సీసీ, సిలిండర్లు రెండే. అంటే ఒక్కో దాంట్లో 873 సీసీ, మన 350 బుల్లెట్ రెండున్నర ఇంజన్లు ఒక్క కుండలో పోసినట్టు. పిస్టన్ 100 మిల్లీమీటర్ల వెడల్పు, 111 మిల్లీమీటర్ల స్ట్రోకు. పైగా రెండు సిలిండర్ల మధ్య 45 డిగ్రీలే, రెండు పిస్టన్ల రాడ్లూ క్రాంకు మీద ఒకే పిన్నుకి, అందుకే ఫైరింగు సమంగా రాదు, ఒకటి పేలాక ఇంజన్ 315 డిగ్రీలు తిరిగితే రెండోది, మళ్ళీ 405 డిగ్రీలకి మొదటిది. ఆ ఒంటికాలి కుంటాట శబ్దం అక్కణ్ణుంచే. ఇప్పుడు 2000 ఆర్‌పీఎమ్‌లో, అంటే ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడు, ఒక చుట్టుకి 30 మిల్లీసెకన్లు, కాబట్టి ఆ 405 డిగ్రీల సందు దాటటానికి దాదాపు 34 మిల్లీసెకన్లు పడుద్ది. అదే ఆర్‌పీఎమ్‌లో నాలుగు సిలిండర్ల బండి 15 మిల్లీసెకన్లకోసారి పేలుద్ది. మీరు చెయ్యి తిప్పిన క్షణం ఆ సందులో పడిందా, ఇంజన్ మీ మాట వినేసరికి ఆలస్యం అవుద్ది, విన్నాక మాత్రం 873 సీసీ అంతా ఒక్కసారి వింటది. అందుకే తోస్తన్నట్టు కాకుండా తన్నినట్టు ఉంటది.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఇంజన్ మింగగలిగే గాలి తక్కువ, గాలి లోపలికెళ్ళే థ్రాటిల్ బాడీ రంధ్రమేమో పెద్దది, దాని లోపల తెరుచుకుని మూసుకునే పళ్ళెం ఒకటి ఉంటది. కాబట్టి 2000 దగ్గర మీరు ఆ పళ్ళెం మూడోవంతు తెరిచేసరికే ఇంజన్‌కి కావలసిన గాలి దాదాపు మొత్తం అందేసుద్ది. ఆ తర్వాత ఎంత తిప్పినా చెయ్యి నొప్పే గానీ లోపల పెద్ద తేడా రాదు. అంటే టార్క్, అదే ఇంజన్ తిప్పే బలం, అంతా ఆ మొదటి కొంచెంలోనే ఇరుక్కుని ఉంది. ఇప్పుడు ఆ గోరంత ఎందుకు అంత విలువైందో అర్థమైంది కదా.

కార్బొరేటర్ రోజుల్లో ఈ బాధ తక్కువ. హార్లేలకి వచ్చిన సీవీ కార్బొరేటర్‌లో మీ కేబుల్ లాగేది లోపలి పళ్ళేన్నే, దాని ముందుండే స్లైడుని మీరు లాగరు, అది ఇంజన్ పీల్చే వ్యాక్యూమ్‌కి డయాఫ్రమ్ అనే రబ్బరు పొర పైకెత్తితే లేస్తది. మీరు ఎంత తొందరపడి తిప్పినా అది తన తీరిక చూసుకుని లేచేది. పాత బండ్లు మెత్తగా ఉండేవి అని పెద్దాళ్ళు అంటారే, అది ఉత్త జ్ఞాపకం కాదు, ఆ డయాఫ్రమ్ మహిమ. 2007 కల్లా హార్లేలు మొత్తం ఇంజెక్షన్‌లోకి, అంటే పెట్రోలుని సన్న ముక్కుతో చిమ్మే పద్ధతిలోకి, వచ్చేశాయి. టూరింగ్ బండ్లకి 2008 మోడల్ నుంచి కేబులే లేదు, గ్రిప్ దగ్గర సెన్సార్, థ్రాటిల్ దగ్గర మోటార్, మధ్యలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్. మీరు తిప్పటం అనేది ఇప్పుడు అర్జీ పెట్టుకోవటం లాంటిది, పళ్ళెం ఎంత తెరవాలో ఈసీయూ నిర్ణయిస్తది. రెయిన్ మోడ్, రోడ్ మోడ్, స్పోర్ట్ మోడ్ అని మీరు నొక్కేది ప్రధానంగా ఆ లెక్కనే మారుస్తది, ఇంజన్‌లో కొత్త బలమేమీ పుట్టదు. మన రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 మాత్రం ఇంకా కేబుల్ బండే, దానికి ఈ గొడవ లేదు, దాని గొడవలు వేరే.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. సిగ్గులేకుండా చెప్తా.

గ్రిప్ సెన్సార్‌కీ ఈసీయూకీ మధ్య తగిలించే చిన్న డబ్బాలు దొరుకుతాయి, మీరు పది తిప్పితే ఇరవై తిప్పాడని ఈసీయూకి అబద్ధం చెప్తాయి. ఏ కంపెనీ అని అడగొద్దు, తప్పు దానిది కాదు. నేను ఒకటి తెచ్చి నా బండికి పెట్టి ఆఖరి సెట్టింగ్‌లో వదిలా. అబ్బో, షెడ్డు బయట రోడ్డు మీద ఒక రౌండ్ కొడితే రాకెట్టే. వచ్చిన ప్రతివాడికీ తాళం ఇచ్చి "ఒక్కసారి చూడన్నా" అన్నా. ఆ ఆదివారం మా ఆవిణ్ణి ఎక్కించుకుని ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు వెళ్ళా. వచ్చేటప్పుడు యూటర్న్. ఫస్ట్ గేరు, హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉంది, మనుషులు కాక బండే 300 కేజీల పైన, ముందు చక్రం చిన్న గుంటలో దిగింది. గుంటలో దిగితే ఏమవుద్ది, ఒళ్ళు కదులుద్ది, ఒళ్ళు కదిలితే చెయ్యి కదులుద్ది. గోరులో సగం. మామూలుగా అయితే బండి చిన్నగా ముందుకి జరిగేది. ఆ డబ్బా పుణ్యమా అని ఎగిరి దూకింది, నేను భయపడి గభాల్న థ్రాటిల్ మూశా, మూస్తే తిరిగే బండి లోపలికి పడుద్ది కదా, పడింది. క్రాష్ గార్డు వంగింది, మా ఆవిడ మోకాలు గీరుకుంది. లేపటానికి ఇద్దరు ఆటో డ్రైవర్లు సాయం పట్టారు. మా ఆవిడ ఆటో ఎక్కి ఇంటికెళ్ళింది, ఎవరి ఆటోనో మీరే ఊహించుకోండి. (నవ్వులు)

ఆ డబ్బా ఇప్పటికీ మా షెడ్డు గోడకి మేకుకి వేలాడతా ఉంది.

చురుగ్గా ఉండటమే మంచిదనే మాట రేస్ బండికి నిజం కావచ్చు. క్రూజర్‌లో కాళ్ళు ముందుకి చాపి కూర్చుంటాం, ట్యాంకుని మోకాళ్ళతో పట్టుకోలేం, హ్యాండిల్‌కి వేలాడుతున్నట్టే ఉంటాం, కుదుపొస్తే పట్టుకోటానికి అదే ఆధారం. ఎత్తు హ్యాండిల్ పెట్టించుకున్న వాళ్ళకి ఇంకా ఎక్కువ. ట్రయంఫ్ రాకెట్ 3 ఉంది, 2458 సీసీ, టార్క్ 220 ఎన్‌ఎమ్ పైన, మన స్విఫ్ట్ కారుకి దాదాపు రెట్టింపు, ఉన్నదేమో రెండు చక్రాలు. అలాంటి బండికి మొదట్లో గ్రిప్ మెత్తగా పెట్టిన ఇంజనీరుని తిట్టుకోకండి, దండం పెట్టండి.

అలాగని కంపెనీ నుంచి వచ్చిందంతా బంగారం అనట్లేదు. సన్నగా మూసి మళ్ళీ తెరిచినప్పుడు తల ముందుకీ వెనక్కీ ఊగుద్ది చూడండి, బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి మీకందరికీ అనుభవమే. దానికి మూలం చాలావరకు ఇది: మీరు పూర్తిగా మూసినప్పుడు ఈసీయూ పెట్రోలు ఆపేస్తది, మళ్ళీ తెరిస్తే మొదలెడతది, ఆ మొదలెట్టటంలో ఒక మెట్టు. దానికి తోడు ఇంకోటి, పోర్టు గోడలు, అంటే సిలిండర్‌లోకి గాలి వెళ్ళే ఇన్‌టేక్ దారి గోడలు. మజ్జిగ ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఒంపితే మొదటి గ్లాసు గోడకి కాస్త అంటుకుని ఉండిపోద్ది కదా, ఇంజెక్టర్ కొట్టిన పెట్రోలు కూడా అంతే, కొంత ఇన్‌టేక్ గోడకి అంటుకుంటది. గోడ తడిసి ఉంటే లెక్క సరిపోద్ది, ఆరిపోయాక ఒక్కసారిగా తెరిస్తే గాలి టక్కున వెళ్ళిపోద్ది, పెట్రోలేమో గోడ తడపటంలో ఉంటది, సిలిండర్‌లోకి వెళ్ళేది పల్చన, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. దాన్ని సర్దటానికి కార్బొరేటర్‌లో యాక్సిలరేటర్ పంపు ఉండేది, చిన్న పిచికారీ కొట్టేది, ఇంజెక్షన్‌లో ఆ పని మ్యాప్‌లో, అంటే ఈసీయూలో ఉండే లెక్కల పట్టికలో, రాసి ఉంటది. ఆ రాత తప్పితే మీకు తెరవగానే చిన్న గుటక మింగినట్టు, ఆగి, అప్పుడు లాగుద్ది.

కానీ మ్యాప్ దాకా వెళ్ళేముందు, దయచేసి, బండిని ఒకసారి చేత్తో చూడండి. ఏడాది కిందట ఒకాయన వచ్చాడు, గుంటూరాయన, మంచి టూరింగ్ బండి. అప్పటికే ఒక చోట మ్యాప్ మార్పించాడు, ఇంకో చోట మళ్ళీ మార్పించాడు, 60 స్పీడ్‌లో నిలకడగా పోతుంటే బండి ఎవరో వెనక నుంచి తాడు కట్టి లాగి వదులుతున్నట్టు ఉందని. నేను ల్యాప్‌టాప్ తీయలేదు. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, ఇన్‌టేక్ మానిఫోల్డు, అంటే గాలి గొట్టం, సిలిండర్ హెడ్‌కి కలిసే చోట కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే సన్నగా కొట్టా. ముందు సిలిండర్ దగ్గర ఏం లేదు. వెనక సిలిండర్ దగ్గర కొట్టగానే ఐడ్లింగ్ ఒక్కసారి మారింది. సీలు ఎండి బిరుసెక్కి సందు ఇచ్చింది, అక్కణ్ణుంచి దొంగగాలి పీలుస్తది. చేతి గోరుతో గిల్లితే ముక్కలుగా ఊడొచ్చింది ఆ సీలు. రెండు సీళ్ళు మార్చి, ఆ రెండు మ్యాపులూ తీసేసి కంపెనీ మ్యాప్ వేశా, ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు, దీపావళికి స్వీట్లు పంపాడు. ఈ స్ప్రే పని వేడి ఇంజన్ మీద చేయకండి, అంటుకుంటది, పక్కన నీళ్ళు కాదు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి.

కేబుల్ బండయితే గ్రిప్ దగ్గర ప్లే చూడండి, మామూలుగా రెండు మూడు మిల్లీమీటర్లు. ఎక్కువుంటే మొదట ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారి జరుగుద్ది. అసలు లేకపోతే ఇంకా ప్రమాదం, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే ఐడ్లింగ్ పెరుగుద్ది. ఎత్తు హ్యాండిల్ పెట్టించి కేబుల్ పాతదే ఉంచిన బండ్లలో ఇది చూశా, లాక్ దాకా తిప్పితే బండి దానంతటదే రైజ్ అవుతది. చైన్ స్లాక్, బెల్టు టెన్షన్, వెనక హబ్బులో రబ్బర్లు, ఇవి కూడా చూసుకోండి, ఎందుకంటే థ్రాటిల్ జర్కు అనుకునేది సగంసార్లు ఆ సందులు కొట్టుకునే కుదుపే. సూపర్ మీటియర్‌లో నేను చూసిన జర్కులు ఎక్కువ చైన్‌వే. 241 కేజీల బండి, చైన్ వదులుగా వేలాడుతుంటే పాపం మ్యాప్ ఏం చేస్తది.

పెట్రోలు సంగతి. దీని మీద నాకు కోపం ఉంది కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడతా.

మనవాళ్ళు అమెరికా బండ్ల మ్యాప్ ఫైళ్ళు నెట్‌లో దింపుకుని వేసేస్తారు. అదే ఇంజన్, అదే సైలెన్సర్, ఇంకేం కావాలి అని. పెట్రోలు అదే కాదు నాయనా. ఉత్త పెట్రోలు పూర్తిగా కాలటానికి ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి. పది శాతం ఇథనాల్ కలిస్తే అది 14.1 దగ్గరికొస్తది, అక్కడ బంకుల్లో ఎక్కువ దొరికేది అదే. మన బంకుల్లో ఇప్పుడు ఇరవై శాతం, 13.5 చుట్టుపక్కల. అంటే వాళ్ళ లెక్క ఇక్కడ వేస్తే నాలుగు శాతం పల్చన. నిలకడగా పోయేటప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్‌ని, అంటే పొగలో మిగిలిన ఆక్సిజన్ చెప్పేదాన్ని, చూసుకుని సర్దుద్ది, పైకీ కిందకీ ఊగుతూ సరిచేస్తనే ఉంటది. మీరు గట్టిగా తెరిచినప్పుడు ఈసీయూ ఆ సెన్సార్ మాట వినటం ఆపేసి మ్యాప్‌లో రాసింది కొడతది, అప్పుడు ఆ నాలుగు శాతం బయటపడుద్ది.

ఆక్టేన్, అంటే పెట్రోలు వేళకాని వేళ పేలకుండా తట్టుకునే గుణం, దాని సంగతి ఇంకా తమాషా. అమెరికా పంపు మీద 91 అని ఉంటది, మన మామూలు పెట్రోలు కూడా మొన్నటిదాకా 91 అనేవారు, ఇంకేం సరిపోయింది అనుకునేవారు. వాళ్ళు కొలిచే పద్ధతి వేరు, వాళ్ళ 91 మన లెక్కలో 95 దాకా ఉంటది. మీ బండి పుస్తకంలో 91 అని ఉండి పక్కనే 95 అని కూడా ఉంటే కంగారు పడకండి, రెండూ ఒకటే. మన దగ్గర ఆ 95కి తగ్గని పెట్రోలు చూసి పోయించాలి. మే నెల విజయవాడ ఎండలో తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయించి పైన ఇద్దర్ని ఎక్కించుకుంటే ఇంజన్ నాకింగ్ వస్తది, అంటే లోపల అడ్డదిడ్డంగా పేలుద్ది, నాక్ సెన్సార్ పసిగట్టి ఈసీయూ టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు కొట్టే వేళ, వెనక్కి లాగుద్ది, బండి బద్ధకంగా అయిపోద్ది. మీరొచ్చి "అన్నా ట్యూనింగ్ చెయ్యి" అంటారు. లీటరుకి కొన్ని రూపాయల దగ్గర ఆదా చేసి నా దగ్గర వేలు పెడతానంటే నాకేం, వద్దంటానా.

సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చాక మాత్రం మ్యాప్ కావాలి, అది నిజం. ఈ బండ్లలో గాలిని నేరుగా కొలవరు, మానిఫోల్డ్‌లో ప్రెషర్, ఆర్‌పీఎమ్, గాలి వేడి చూసి సిలిండర్ ఎంత నిండిందో గళ్ళ పట్టికలోంచి అంచనా కడతారు. మీరు దారి మార్చారు, పట్టిక పాతదే ఉంది. సరే, మార్పిద్దాం. ఎక్కడ? డైనో, అంటే బండిని నిలబెట్టి చక్రం తిప్పి బలం కొలిచే మిషను, ఉన్న చోట. మంచిదే, కానీ ఏ డైనో అని అడగండి. ఉత్త డ్రమ్ము డైనో మీద పూర్తిగా తెరిచి ఒక్క లాగు లాగి, హార్స్‌పవర్ నంబరు కాగితం మీద కొట్టి ఇస్తారు. ఆ గీతలు ఫ్రేమ్ కట్టించుకోటానికి బాగుంటాయి. నేను హనుమాన్ జంక్షన్ వెళ్ళొచ్చిన దారిలో ఆ గడులు ఒక్కటీ వాడలేదు. లోడ్ పట్టి ఉంచే బ్రేక్ డైనో కావాలి, 2000, 2250, 2500 దగ్గర ఆపి, కొంచెం కొంచెం తెరిచి, ఒక్కో గడి సరిచూసే ఓపిక ఉన్నవాడు కావాలి. అది ఒక పూట పని, గంటలో అయిపోయిందంటే ఆ గడులు ఎవరూ ముట్టుకోలేదని.

ఓపెన్ పైపుల వాళ్ళకి ఒక మాట. లోపల అడ్డు ఏమీ లేని పైపుల్లో, తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర బయటి గాలి అలలాగా వెనక్కి లోపలికొస్తది. ఆక్సిజన్ సెన్సార్ ఆ గాలి చూసి, అయ్యో పెట్రోలు తక్కువైంది అనుకుని ఇంకా పోయిస్తది. ప్లగ్గు తీసి చూస్తే నల్లగా మసి, బండి మొద్దుగా, మైలేజీ గోవిందా. శబ్దం మాత్రం అదిరిపోద్ది. ఆ శబ్దాన్ని పోలీసోళ్ళు రోడ్ రోలర్ కింద ఎలా తొక్కిస్తారో వీడియోలు మీరు చూసే ఉంటారు, నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఏవన్నా అడగాలంటే అడగండి. ఆ, చెప్పు తమ్ముడూ.

(థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్లో టప్ టప్ మంటుందని, అది బాగుంటుంది కదా అని ఒక కుర్రాడి ప్రశ్న)

బాగుంటది, నాకూ ఇష్టమే, అబద్ధం ఎందుకు. కొంచెం ఉంటే పర్లేదు. కొత్తగా మొదలైతే, ఎక్కువైతే, బెండు పైపు హెడ్‌కి కలిసే చోట గాస్కెట్ చూడు. అక్కడ గాలి దూరితే కాలని పెట్రోలు పైపులో కాలుద్ది. ఆ దూరే గాలే సెన్సార్‌ని కూడా మోసం చేస్తది, ఇందాక చెప్పానే, అదే వరస. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో ఆ జాయింటు పక్కన చెవి పెట్టి విను, టిక్ టిక్ మని సన్నగా వినపడుద్ది, పైపు వేడెక్కాక అతుక్కుని మాయమైపోద్ది. మెకానిక్ దగ్గరికి వచ్చేసరికి వినపడదు, అందుకే ఎవరికీ దొరకదు.

ఇంకెవరు? మేడమ్ గారు. లడక్ వెళ్తున్నారా, సంతోషం. అంత ఎత్తుకి ట్యూనింగ్ మార్పించాలా అంటారా? ఇంజెక్షన్ బండి కదండీ, గాలి ప్రెషర్ అదే చూసుకుంటది, మీరు ఏమీ మార్పించక్కర్లేదు. ఖార్దుంగ్ లా కనుమ మీద గాలి మన దగ్గరి దాంట్లో సగమే ఉంటది, ఆ సగం గాలికి సగం బలమే వస్తది, ఎవరు ట్యూన్ చేసినా అంతే. అక్కడికి మాత్రం ప్లగ్గులు కొత్తవి వేసుకుని వెళ్ళండి, కేబుల్ బండయితే ఒక కేబుల్ సెట్టు డిక్కీలో పడేసుకోండి.

సరే, టిఫిన్లు వచ్చినట్టున్నాయి, వాసన వస్తంది. టేపూ స్కెచ్ పెన్నూ ఈ టేబుల్ మీద పెడుతున్నా, తిన్నాక ఎవరి గ్రిప్ మీద వాళ్ళు గీత గీసుకోండి. మళ్ళీ పెన్ను ఇక్కడే పెట్టండి, మా పాపది, స్కూల్‌కి కావాలి.